ఇంజన్ ట్యూనింగ్: పెట్టిన డబ్బు డీజిల్‌లో తిరిగొస్తుందా?

"మ్యాపింగ్ చేయిస్తే పికప్ పెరుగుద్దంట, మైలేజీ కూడా వచ్చిద్దంట. చేయించమంటారా మేస్త్రీ?" విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ ఓనర్లు అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. అడిగేవాళ్ళు సరదాకి అడగరు. కైకలూరు చేపలను ఐసులో సర్ది అస్సాం దాకా తీసుకెళ్ళే లారీ కావచ్చు, నూజివీడు మామిడికాయలు మోసేది కావచ్చు, వాళ్ళ ఇల్లు గడిచేది ఆ బండి మీదే.

పది చక్రాల లారీ నెలకు 8,000 కిలోమీటర్లు తిరిగి, లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. నెలకు 2,000 లీటర్ల డీజిల్ కావాలి. లెక్క సులువుగా ఉండటానికి లీటరు 100 రూపాయలు అనుకుంటే 2 లక్షల రూపాయలు. ఫైనాన్స్ కిస్తీ, టైర్లు, టోలు, డ్రైవర్ జీతం, ఇన్సూరెన్సు పోగా ఓనరు చేతికి మిగిలేదాంట్లో నెలకు యాభై లీటర్ల తేడా కూడా గట్టిగానే తెలుస్తుంది. అందుకే ఈ ప్రశ్నకు "మా బావమరిది బండికి బాగా వచ్చింది" అన్న జవాబు చాలదు. భౌతికశాస్త్రం ఏం చెబుతోందో, రూపాయల లెక్క ఏం చెబుతోందో విడివిడిగా చూడాలి.

ట్యూనింగ్‌లో ఏం మారుస్తారు?

రుడాల్ఫ్ డీజిల్ తయారుచేసిన ఇంజన్‌ను 1897లో పరీక్షించినప్పుడు అది ఇంధనంలోని శక్తిలో 26 శాతాన్ని పనిగా మార్చింది. ఆనాటి ఆవిరి యంత్రాలకు అందని సంఖ్య అది. నేటి లారీ ఇంజన్ 40 శాతం దరిదాపుల్లో ఉంది. ఈ ప్రగతిలో పెద్ద వాటా సిలిండర్‌లోకి డీజిల్ ఎంత పంపాలి, ఏ క్షణాన పంపాలి అన్న రెండు విషయాల మీద పట్టు సాధించడం వల్ల వచ్చింది. ట్యూనింగ్ చేసేవాళ్ళు మార్చేవి కూడా ముఖ్యంగా ఈ రెండే.

1927లో బాష్ కంపెనీ డీజిల్ పంపులను పెద్దఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. ఆ వంశానికి చెందిన పంపులే పాత లారీల్లో, ట్రాక్టర్లలో ఉన్నాయి. ఒక్కో సిలిండర్‌కు వెళ్ళే డీజిల్‌ను పంపులోని ర్యాక్, గవర్నర్ స్ప్రింగు, కొన్ని స్క్రూలు నిర్ణయిస్తాయి. పంపు షాపులో దాన్ని టెస్ట్ బెంచి మీద బిగించి తిప్పుతారు. ఆరు గొట్టాల నుంచి వచ్చే డీజిల్ ఆరు గాజు కొలపాత్రల్లో సమానంగా పడుతోందో లేదో చూసి సరిచేస్తారు. దీన్ని కాలిబ్రేషన్ అంటారు. కంపెనీ చెప్పిన కొలతను దాటి డీజిల్ ఎక్కువ వదిలేలా స్క్రూ తిప్పితే అది పంపు పెంచడం. ఈ రెండింటికీ మధ్య తేడాను గుర్తుపెట్టుకోవాలి. మొదటిది ఇంజన్‌ను దాని అసలు స్థితికి తెస్తుంది, రెండోది ఆ స్థితిని దాటిస్తుంది.

కొత్త బండ్లలో ఈ పని కంప్యూటర్ చేస్తుంది. కామన్ రైల్ పద్ధతిలో డీజిల్ 1,600 నుంచి 2,000 బార్ల ఒత్తిడితో, రైలు అనే ఉమ్మడి గొట్టంలో సిద్ధంగా ఉంటుంది. ఈసీయూ అనే పెట్టె పెడల్ ఎంత తొక్కారు, ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, గాలి ఎంత వస్తోంది, నీళ్ళ వేడి ఎంత అన్నవి చదివి, తనలో రాసి ఉన్న పట్టికల్లో వెతికి, ఇంజెక్టర్‌ను ఏ క్షణాన ఎంతసేపు తెరవాలో చెబుతుంది. ఆ పట్టికలే మ్యాపులు. ల్యాప్‌టాప్ తగిలించి వాటిలోని అంకెలు మార్చి తిరిగి ఎక్కించడమే మ్యాపింగ్. బాక్స్ పెట్టడం ఇంకో దారి. రైలులో ఒత్తిడి తక్కువగా ఉందని ఈసీయూకు తప్పుడు కబురు చెప్పే చిన్న పెట్టె అది. ఆ మాట నమ్మి ఈసీయూ ఒత్తిడి పెంచుతుంది, డీజిల్ ఎక్కువ పడుతుంది.

పికప్ ఎక్కడినుంచి వస్తుంది?

కిలో డీజిల్ పూర్తిగా మండటానికి సుమారు 14.5 కిలోల గాలి కావాలి. సిలిండర్‌లో గాలీ డీజిలూ మూలమూలలా సమంగా కలవవు కాబట్టి, ఆచరణలో గాలి 20 కిలోల దగ్గరికి తగ్గేసరికే పొగ మొదలవుతుంది. ఆ నల్ల పొగ సగం కాలిన డీజిల్. బంకులో డబ్బులిచ్చి కొన్నదే సైలెన్సర్‌లోంచి పోతోంది. అందువల్ల డీజిల్ ఇంజన్‌కు అసలు హద్దు గాలి దగ్గరే ఉంది.

ఆ గాలి కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. 25 డిగ్రీల వేడిలో ఉన్న గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సుమారు 6 శాతం పలచన. విజయవాడ మే నెల ఎండలో టర్బో లేని ఇంజన్ పీల్చే గాలి బరువు ఆ మేరకు తగ్గుతుంది. డిసెంబరులో పొగ రాకుండా సరిపోయిన పంపు సెట్టింగు రోహిణి కార్తెలో పొగ కక్కడానికి ఇదొక కారణం. టర్బో, ఇంటర్‌కూలర్ ఉన్న ఇంజన్‌లో ఈ లోటు కొంత పూడుతుంది గాని పూర్తిగా పోదు.

మ్యాపింగ్‌లో టర్బో ఒత్తిడిని కూడా పెంచి గాలీ డీజిలూ రెండూ ఎక్కువ పంపితే శక్తి నిజంగానే పెరుగుతుంది. టర్బో డీజిల్ ఇంజన్లలో ఈ పెరుగుదల పెద్దదే. కాని పెరిగిన శక్తి పెరిగిన డీజిల్ నుంచే వచ్చింది. దానితోపాటు పిస్టన్ మీద ఒత్తిడి, హెడ్ గ్యాస్కెట్ మీద భారం, టర్బోలోకి వెళ్ళే పొగ వేడి, క్లచ్ ప్లేటు మీద లాగుడు అన్నీ పెరుగుతాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. పెడల్ పట్టికను మార్చితే, సగం తొక్కినప్పుడు ఇంతకుముందు ముప్పావు తొక్కితే వచ్చిన డీజిల్ వచ్చేలా చేయవచ్చు. ఇంజన్ గరిష్ఠ శక్తి ఏమాత్రం పెరగకపోయినా డ్రైవర్ కాలికి బండి తేలికైనట్టు అనిపిస్తుంది. కాలికి తెలిసే పికప్ నుంచి లీటరుకు వచ్చే కిలోమీటర్లను ఊహించలేం.

కంపెనీ ఆ శక్తిని ఎందుకు వదిలేసింది?

అంకెలు మార్చితే శక్తి వచ్చేటప్పుడు కంపెనీ ఇంజనీర్లు ముందే ఎందుకు మార్చలేదు? వాళ్ళ పట్టికలు ఒక్క బండికి రాసినవి కావు. రాజస్థాన్ ఎండకు, లడఖ్ ఎత్తుకు, నాసిరకం డీజిల్‌కు, సర్వీసు ఆలస్యానికి, ఓవర్‌లోడుకు తట్టుకుంటూ బండ్లన్నీ లక్షల కిలోమీటర్లు నడవాలి. అందుకోసం వాళ్ళు వదిలిన వెసులుబాటును మ్యాపింగ్ తినేస్తుంది.

రెండో కారణం కాలుష్యం. డీజిల్‌ను కొంచెం ముందుగా చిమ్మితే మంట వేడి పెరిగి సామర్థ్యం కాస్త మెరుగవుతుంది. అదే వేడిలో గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా ఎక్కువ పుడతాయి. అందుకే కంపెనీలు చట్టంలోని హద్దుల కోసం ఇంజెక్షన్‌ను కొంత వెనక్కి జరుపుతాయి, పొగలో కొంత భాగాన్ని తిరిగి సిలిండర్‌లోకి పంపుతాయి. 2017 ఏప్రిల్ 1న బీఎస్ 4, 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 కాలుష్య ప్రమాణాలు దేశమంతటా వచ్చాయి. బీఎస్ 6 లారీలో మసిని పట్టే ఫిల్టరు, 32.5 శాతం యూరియా ద్రావణంతో నైట్రోజన్ ఆక్సైడ్లను విరిచే ఏర్పాటు ఉన్నాయి. మ్యాపింగ్‌తో మైలేజీలో రెండు మూడు శాతం నిజంగా వచ్చిన చోట, చాలావరకు అది ఈ హద్దును దాటడం వల్ల వచ్చిందే.

మైలేజీకీ కాలుష్యానికీ మధ్య ఉన్న ఈ బేరం ఎంత గట్టిదో 2015 సెప్టెంబరులో లోకానికి తెలిసింది. పరీక్ష జరిగేటప్పుడు ఒకలా, రోడ్డు మీద ఒకలా నడిచే సాఫ్ట్‌వేర్‌ను ఫోక్స్‌వ్యాగన్ తన డీజిల్ కార్లలో పెట్టిందని అమెరికా పర్యావరణ సంస్థ బయటపెట్టింది. ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల కార్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉంది. అంత పెద్ద కంపెనీకి కూడా చవగ్గా శక్తి, మైలేజీ, శుభ్రమైన పొగ మూడూ ఒకేసారి సాఫ్ట్‌వేర్‌తో దొరకలేదు.

డెల్టా రోడ్డు మీద ఎన్ని హార్స్ పవర్లు కావాలి?

మొత్తం 28 టన్నుల బరువున్న లారీ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో చదునైన రోడ్డు మీద పోతోందనుకుందాం. టైర్లు దొర్లడంలో ఎదురయ్యే నిరోధం సుమారు 2,050 న్యూటన్లు. గాలి వెనక్కి నెట్టేది సుమారు 1,050 న్యూటన్లు. రెండూ కలిపి 3,100. దీన్ని తోయడానికి చక్రాల దగ్గర కావలసింది సుమారు 70 హార్స్ పవర్లు. గేర్‌బాక్సు, హౌసింగుల్లో పోయేది కలిపినా 80 దాటదు. ఇంజన్‌కు ఉన్నది 180 నుంచి 250. అంటే విజయవాడ నుంచి ఏలూరు, రాజమండ్రి మీదుగా పదహారో నంబరు జాతీయ రహదారిపై పోయే లారీ ఎక్కువసేపు తన శక్తిలో సగాన్ని కూడా వాడదు. అక్కడ మరో 40 హార్స్ పవర్లు చేర్చితే మైలేజీకి ఒరిగేది లేదు. చింతూరు, మారేడుమిల్లి ఘాట్ ఎక్కే బండికి అదనపు శక్తి గేరు దించకుండా ఎక్కడానికి పనికొస్తుంది. కృష్ణా డెల్టాలో తిరిగే బండికి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మాత్రమే తెలుస్తుంది.

ఈ లెక్కలో దాగిన అసలు లాభాలు వేరు. 60లో పోయేటప్పుడు పడే నిరోధంలో మూడింట రెండు వంతులు టైర్లదే. సరైన గాలి, అలైన్‌మెంటు, పట్టేయని బ్రేకులతో దాన్ని పదోవంతు తగ్గించగలిగితే డీజిల్ ఆరేడు శాతం తగ్గుతుంది. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 60 నుంచి 70కి పోతే కిలోమీటరుకు పట్టే డీజిల్ 12 శాతం పెరుగుతుంది. 80కి పోతే పావు వంతు పైగా పెరుగుతుంది. ఏ మ్యాపింగ్ ఇవ్వగల లాభమైనా ఈ అంకెల ముందు చిన్నదే.

రూపాయల లెక్క

మ్యాపింగ్‌కు 30,000 రూపాయలు అయిందనీ, మైలేజీ నిజంగా 3 శాతం పెరిగిందనీ అనుకుందాం. లీటరుకు 4 కాస్తా 4.12 అవుతుంది. నెలకు 2,000 లీటర్ల బదులు 1,942 లీటర్లు పడుతుంది. మిగిలేది 58 లీటర్లు, అంటే 5,800 రూపాయలు. ఐదు నెలలు దాటగానే పెట్టుబడి తిరిగొస్తుంది. ఇంతవరకు చూస్తే లాభసాటి బేరమే.

ఇప్పుడు అవతలి పద్దు రాయాలి. ఇంజన్ దింపి పూర్తిగా పని చేయించడానికి 3 లక్షలు అవుతుందనీ, 8 లక్షల కిలోమీటర్లకు రావలసిన ఆ పని అదనపు భారం వల్ల 6 లక్షలకే వచ్చిందనీ అనుకుంటే, కిలోమీటరుకు పన్నెండున్నర పైసలు అదనం. నెలకు 1,000 రూపాయలు. బండి షెడ్డులో ఆగిన రోజుల బాడుగ, ముందే అరిగిన క్లచ్ ప్లేటు దీనికి కలవాలి. వారంటీ ఉన్న బండికి ఆ వారంటీ పోయే ప్రమాదం ఒక్కటే ఈ పద్దును తలకిందులు చేస్తుంది.

మైలేజీ పెరిగింది 3 కాకుండా 1 శాతమే అయితే? నెలకు మిగిలేది 20 లీటర్లు, 2,000 రూపాయలు. అరుగుదల కింద 1,000 తీసేస్తే 30,000 తిరిగి రావడానికి రెండున్నరేళ్ళు. ఇక డ్రైవర్ కొత్త పికప్‌ను వాడుకుని, దారిలో నాలుగో వంతు మాత్రం 60 బదులు 70లో నడిపితే నెలకు 60 లీటర్లు అదనంగా పడతాయి. మ్యాపింగ్ మిగిల్చిన 58 లీటర్లు అక్కడితో సరి. ఇక్కడ డ్రైవర్‌ది తప్పనడానికి లేదు. సరుకు తొందరగా చేర్చమని ఫోను మీద ఫోను చేసేది మనమే.

కాబట్టి నిర్ణయమంతా ఒక్క అంకె మీద ఉంది. ఆ 3 శాతం నిజమా, కాదా?

మూడు శాతాన్ని ఎలా పట్టుకోవాలి?

ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. ఒకే బండి, ఒకే డ్రైవర్, ఒకే దారి అయినా ట్రిప్పు ట్రిప్పుకూ మైలేజీ మారుతుంది. లోడు, ఎదురుగాలి, వాన, టోల్ గేటు దగ్గర ఆగిన సేపు, అన్నీ మారుతుంటాయి. ట్యాంకు ఫుల్ చేసేటప్పుడు నురగ వల్ల ఐదు లీటర్లు అటూఇటూ అయితే 200 లీటర్లకు అదే రెండున్నర శాతం తేడా. ఇలా ట్రిప్పుల మధ్య సహజంగా 6 శాతం ఊగిసలాట ఉందనుకుంటే, మ్యాపింగ్‌కు ముందు నాలుగు ట్రిప్పులు, తరువాత నాలుగు ట్రిప్పులు చూసి తీసిన తేడాలో 4 శాతానికి పైగా అనిశ్చితి ఉంటుంది. 3 శాతం లాభం అందులో మునిగిపోతుంది. దాన్ని నమ్మకంగా చెప్పాలంటే ముందు ముప్పై, తరువాత ముప్పై ట్రిప్పుల లెక్క కావాలి. "మొదటి ట్రిప్పులోనే తెలిసిపోయింది" అన్న మాటకు అందుకే విలువ లేదు.

దీనికి తోడు మరో రెండు భ్రమలు కలుస్తాయి. మైలేజీ బాగా పడిపోయిన నెలలోనే ఓనరు ట్యూనింగ్‌కు వెళతాడు. ఆ చెడ్డ నెల తరువాత, ఏమీ చేయకపోయినా, మైలేజీ సగటు వైపు తిరిగి వస్తుంది. ఆ మెప్పు మ్యాపింగ్‌కు పోతుంది. రెండోది, బండి షెడ్డుకు వచ్చింది కదా అని ఎయిర్ ఫిల్టర్ మారుస్తారు, టాపెట్లు సెట్ చేస్తారు, ఇంజెక్టర్లు శుభ్రం చేయిస్తారు. లాభం వాటిది కావచ్చు.

డెల్టా రైతుకు దీని పరిష్కారం కొత్తగా నేర్పనక్కర్లేదు. కొత్త వరి వంగడాన్ని పరీక్షించాలంటే పక్క మడిలో పాత వంగడం వేసి, రెంటికీ ఒకే నీరు, ఒకే ఎరువు పెట్టి చూస్తాడు. వాహనాల ఇంధన పరీక్షల్లోనూ ఇదే పద్ధతి. ఒకేలాంటి రెండు లారీలను ఒకే లోడుతో, ఒకే దారిలో, ఒకే వేళ నడుపుతారు. ఒకదానికే మార్పు చేస్తారు. రెండింటి డీజిల్ నిష్పత్తి మార్పుకు ముందెంత, తరువాతెంత అని చూస్తారు. గాలీ వానా ట్రాఫిక్కూ రెండింటికీ ఒకటే కాబట్టి వాటి ప్రభావం చాలావరకు కొట్టుకుపోతుంది. శాస్త్రీయ పరీక్షల్లో డీజిల్‌ను లీటర్లలో కాక తూకంలో కొలుస్తారు, ఎందుకంటే వేడికి డీజిల్ వ్యాకోచిస్తుంది. 15 డిగ్రీల తేడాకు ఒక శాతం పైనే మారుతుంది.

రెండు లారీలు లేనివాళ్ళకు ఇంకో దారి ఉంది. మ్యాపింగ్ చేసిన కొన్ని నెలల తరువాత, మార్చకముందున్న పాత మ్యాపుల ఫైలునే మళ్ళీ ఎక్కించి చూడాలి. అప్పుడు మైలేజీ తగ్గితే లాభం నిజం. తగ్గకపోతే లాభం వేరే చోటునుంచి వచ్చింది. పాత ఫైలును దాచి ఓనరు చేతికివ్వనివాడి దగ్గర మ్యాపింగ్ చేయించకపోవడమే మంచిది.

చట్టం, ఊపిరితిత్తులు

కంపెనీ పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కట్టడి చేస్తుంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు ఓనరుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే 190వ సెక్షన్ కింద 10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు ఉన్నాయి. పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండలేం. డీజిల్ బండికి ఆ పరీక్షలో చూసేది పొగ చిక్కదనాన్నే. నైట్రోజన్ ఆక్సైడ్లను అది పట్టదు.

చట్టం కన్నా పెద్ద విషయం ఇంకొకటి. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో తేల్చిచెప్పింది. మ్యాపింగ్‌తోపాటు మసి ఫిల్టరు కూడా తీసేసిన లారీ పొగ అందరికన్నా ముందు పడేది షెడ్డులో ఇంజన్ స్టార్ట్ చేసి పక్కనే నిలబడే మెకానిక్ మీద, అతని దగ్గర పని నేర్చుకునే కుర్రాడి మీద. ఏ మైలేజీ లెక్కలోనూ ఈ పద్దు కనిపించదు. ఓనర్లు, మేస్త్రీలు కలిసి దీన్ని లెక్కలోకి తేవాలి.

మరి ఏం చేయాలి?

డబ్బు పెట్టాల్సిన వరుస ఇది. ముందు టైర్లలో గాలి, అలైన్‌మెంటు, బ్రేకులు. తరువాత ఎయిర్ ఫిల్టర్, ఇంటర్‌కూలర్ గొట్టాల లీకులు, టాపెట్లు, ఇంజెక్టర్ల లీక్ బ్యాక్ పరీక్ష. ఆ తరువాత డ్రైవర్‌తో వేగం గురించి ఒప్పందం. మిగిలిన డీజిల్‌లో అతనికి వాటా ఇస్తే ఆ ఒప్పందం నిలుస్తుంది. ఇవన్నీ అయ్యాక కూడా లోటు కనిపిస్తేనే ట్యూనింగ్ మాట.

పాత పంపు ఉన్న లారీకి, ట్రాక్టర్‌కు కాలిబ్రేషన్, నాజిళ్ళ పరీక్ష తప్పకుండా చేయించండి. ఆ డబ్బు వృథా కాదు, ఎందుకంటే అది ఇంజన్ పోగొట్టుకున్నదాన్ని తిరిగిస్తుంది. పొగ వచ్చేంతగా పంపు పెంచించకండి. వారంటీ దాటిన బీఎస్ 4 బండి ఘాట్ రోడ్ల మీదే తిరుగుతుంటే, చట్టానికి లోబడి, పొగ హద్దులు దాటకుండా చేసి, పాత ఫైలు చేతికిచ్చి, పక్క లారీతో పోల్చి చూపించగలవాడు దొరికితే అప్పుడు ఆలోచించవచ్చు. బీఎస్ 6 లారీని డెల్టా చదును రోడ్ల మీద నడిపేవాళ్ళకు మ్యాపింగ్ దండగ. ఫిల్టరు, యూరియా ఏర్పాటు తీసేయించడం నేరం కూడా.

ఏ బండికైనా మొదట కావలసింది ఒక నోట్‌బుక్. తేదీ, కిలోమీటర్లు, లీటర్లు, లోడు, దారి. మూడు నెలలు విడవకుండా రాయండి. ఆ లెక్క చేతిలో ఉన్న ఓనరుకు 30,000 రూపాయలు ఎక్కడ పెట్టాలో ఇంకొకరు చెప్పనవసరం లేదు.